ఫ్రాక్టల్ బొమ్మలు: సొంత ప్రోగ్రాంతో గీసి చూద్దాం



స్కాలర్‌షిప్పు దరఖాస్తులతో పాటు వచ్చే ప్రాజెక్టు నోట్సు చదివే పని కొన్నేళ్లుగా నా వంతుకు వస్తోంది. వాటిలో ఫ్రాక్టల్ బొమ్మలు తరచుగా కనిపిస్తాయి. మధ్యలో నల్లటి గుండె ఆకారం, దాని చుట్టూ మెరుపు తీగల్లాంటి అంచు, ఆ అంచును పెద్దది చేసి చూస్తే అందులో మళ్లీ అదే నల్లటి ఆకారం. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఇంటర్వ్యూలో నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇదిగో ఈ చుక్క నల్లగా ఎందుకుంది?"

బొమ్మను ఇంటర్నెట్ నుంచి దింపుకున్నవారు "అది సమితిలో ఉంది కాబట్టి" అంటారు. తానే ప్రోగ్రాం రాసుకున్న అమ్మాయి గానీ అబ్బాయి గానీ కాస్త ఆగి, "వెయ్యి సార్లు లెక్క చేసి ఆపేశానండీ, అప్పటికీ అది బయటికి పోలేదు" అంటారు. రెండో జవాబు ఎందుకు సరైనదో, మొదటి జవాబులో ఏం లోపించిందో వివరించడానికే ఈ పాఠం. పీయూసీ, ప్లస్‌టూ, ఇంటర్ - మీ రాష్ట్రంలో పేరేదైనా, గణితంలో సంకీర్ణ సంఖ్యలు, అంటే కాంప్లెక్స్ నంబర్లు చదివినవారికి ఇది పూర్తిగా అర్థమవుతుంది. పదో తరగతి పిల్లలు కూడా మొదటి సగం కాలిక్యులేటర్‌తో చేసి చూడవచ్చు.

కాలిక్యులేటర్‌తో మొదలు

ఒక సంఖ్య తీసుకోండి. దాన్ని 'సి' అందాం. సున్నాతో మొదలుపెట్టి, ఉన్న సంఖ్యను వర్గం చేసి సి కలపండి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి అదే సి కలపండి. ఇలా చేస్తూ పోవడమే. ఒక్కో సారిని 'ఒక చుట్టు' అందాం.

సి = 1 అయితే 1, 2, 5, 26, 677... ఆగకుండా పెరిగిపోతుంది. సి = −1 అయితే −1, 0, −1, 0... ఎన్నాళ్లు చేసినా ఆ రెండింటి మధ్యే ఊగుతుంది. సి = 0.25 అయితే మెల్లగా 0.5 వైపు జరుగుతుంది తప్ప దాన్ని దాటదు. మొదటిది పారిపోయే సంఖ్య, మిగతా రెండూ కట్టుబడి ఉండే సంఖ్యలు.

ఇప్పుడు సి = 0.26 తీసుకుని ఓపిగ్గా చేయండి. 0.25 కీ దీనికీ తేడా నూటిలో ఒక వంతే. మొదటి చుట్టులో 0.26, రెండో దానిలో 0.3276, పదో చుట్టుకు 0.4826. ఇరవయ్యో చుట్టుకు వచ్చినా 0.6022 మాత్రమే. ఎవరైనా ఇక్కడ ఆపేస్తే "ఇది కూడా కట్టుబడి ఉండే సంఖ్యే" అని రాసేస్తారు. కానీ 25వ చుట్టులో 0.781, 27వ చుట్టులో 1.017, 29వ చుట్టులో 1.934, 30వ చుట్టులో దాదాపు 4. ఆ తర్వాత 16, 264... ఇక పట్టపగ్గాలుండవు.

ఈ ఒక్క ఉదాహరణలో పాఠంలో సగం ఉంది. నా మాట మీద వదిలేయకుండా కాగితం మీద చేసి చూడండి.

గీత నుంచి తలానికి

సి అనేది మామూలు సంఖ్య అయితే పారిపోయేవీ, కట్టుబడేవీ ఒకే గీత మీద ఉంటాయి. సి సంకీర్ణ సంఖ్య అయితే తలం అంతా పరుచుకుంటాయి. కట్టుబడి ఉండే సి లన్నీ కలిసిన ఆకారమే మాండెల్‌బ్రాట్ సమితి. బెన్వా మాండెల్‌బ్రాట్ (1924–2010) పోలెండులోని వార్సాలో పుట్టి ఫ్రాన్సులో చదివి, అమెరికాలో ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేసిన గణితవేత్త. 'ఫ్రాక్టల్' అనే మాటను 1975లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. విరిగిన అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి దాన్ని చేశారు. ఇలాంటి లెక్కల సిద్ధాంతాన్ని ఫ్రాన్సులో గాస్టన్ జూలియా, పియరీ ఫాతూ మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే తయారు చేశారు గానీ, వారి చేతిలో కంప్యూటరు లేదు. 1978లో రాబర్ట్ బ్రూక్స్, పీటర్ మాటెల్‌స్కీ ఈ సమితికి మొదటి ముతక బొమ్మను నక్షత్రం గుర్తులతో అచ్చువేశారు. 1980లో మాండెల్‌బ్రాట్ ఇంకా స్పష్టమైన బొమ్మలు తీశారు. 1985 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఎ. కె. డ్యూడ్నీ రాసిన శీర్షికతో ఇళ్లలో చిన్న కంప్యూటర్లున్న వారందరికీ ఈ పిచ్చి పట్టుకుంది.

కొందరు మన ముగ్గులు కూడా ఫ్రాక్టళ్లే అని రాస్తుంటారు. అందంగా తిరిగి తిరిగి వచ్చే ప్రతిదీ ఫ్రాక్టల్ కాదు, ఆ మాటను అంత ఉదారంగా పంచిపెట్టనక్కర్లేదు. ఐతే ఒక చిన్న సూత్రాన్ని పదేపదే వాడి బొమ్మ రప్పించడం అన్న విషయంలో చుట్టరికం ఉంది. తమిళనాడులో చదివే పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, వారితో కమలా కృతివాసన్ కలిసి కోలాలను వ్యాకరణ సూత్రాలుగా రాసి చూపిన పరిశోధనా పత్రం 1974లోనే వెలువడింది.

ప్రోగ్రాం ఎంత చిన్నదంటే

సి లో నిజభాగాన్ని ఏ అనీ, కల్పిత భాగాన్ని బి అనీ అందాం. తిరుగుతున్న సంఖ్యలో ఆ రెండు భాగాలను ఎక్స్, వై అందాం. రెండూ సున్నాతో మొదలవుతాయి. ఒక చుట్టు అంటే ఇదే:

కొత్త ఎక్స్ = ఎక్స్² − వై² + ఏ
కొత్త వై = 2 × ఎక్స్ × వై + బి

కొత్త వై కట్టేటప్పుడు పాత ఎక్స్ నే వాడాలి. మొదటిసారి రాసేవారు ఇక్కడ తడబడుతుంటారు, కొత్త ఎక్స్ ను వేరే పేరుతో దాచుకోండి. చుట్టు అయ్యాక ఎక్స్² + వై² విలువ 4 దాటిందా అని చూడాలి. దాటితే, అంటే మూలబిందువు నుంచి దూరం 2 దాటితే, ఆ సి పారిపోయినట్టే.

రెండే ఎందుకు? దూరాన్ని 'ద' అనుకోండి. వర్గం చేస్తే దూరం ద² అవుతుంది. సి కలిపినప్పుడు అది మహా అయితే సి దూరమంత తగ్గుతుంది. సి దూరం ద కంటే ఎక్కువ కానంతవరకు కొత్త దూరం కనీసం ద² − ద, అంటే ద × (ద − 1). ద 2 దాటితే (ద − 1) అనేది 1 దాటుతుంది కాబట్టి దూరం ప్రతి చుట్టులోనూ పెరుగుతూనే పోతుంది. వెనక్కి వచ్చే దారి లేదు. సి దూరమే 2 దాటి ఉంటే మొదటి చుట్టులోనే తేలిపోతుంది.

ఇప్పుడు తెరను చుక్కలుగా విడదీయండి. ఏ విలువ −2 నుంచి 1 వరకు, బి విలువ −1.5 నుంచి 1.5 వరకు, రెండు వైపులా 1000 పిక్సెళ్లు. ఒక పిక్సెల్ వెడల్పు 0.003. మొత్తం 10 లక్షల చుక్కలు. ప్రతి చుక్కకు, ఆ పిక్సెల్ మధ్యబిందువును సి గా తీసుకుని పై లెక్క నడపాలి. ఎన్నో చుట్టులో పారిపోయిందో ఆ సంఖ్యను బట్టి రంగు. నిర్ణయించుకున్న పరిమితి దాకా పారిపోకపోతే నలుపు.

గ్రాఫిక్స్ లైబ్రరీలు తెలియవని వెనక్కి తగ్గనక్కర్లేదు. పీపీఎం అనే బొమ్మ ఫైలు వట్టి అక్షరాల ఫైలే. మొదటి వరుసలో ఇంగ్లీషు పెద్ద అక్షరం పి, దాని పక్కనే 3. రెండో వరుసలో వెడల్పు, ఎత్తు. మూడో వరుసలో 255. ఆ తర్వాత ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు మూడు సంఖ్యలుగా. సి భాష గానీ పైథాన్ గానీ, తెరమీద సంఖ్యలు అచ్చువేయడం వచ్చినవారికి ఇది చాలు. ఆ ఫైలును జింప్ వంటి ఉచిత ప్రోగ్రాంలో తెరిచి పీఎన్‌జీగా దాచుకోండి. జేపీఈజీగా మాత్రం వద్దు. సన్నని గీతల చుట్టూ అది మరకలు తెస్తుంది, మనం వెతికేదే సన్నని గీతలు.

నలుపు అంటే రుజువు కాదు

ఇక్కడే అసలు విషయం. "ఈ చుక్క బయటిది" అని ప్రోగ్రాం చెప్పినప్పుడు దాని వెనక పైన చూసిన రుజువు ఉంది. దూరం 2 దాటింది, కాబట్టి పారిపోతుంది. "లోపలిది" అని చెప్పినప్పుడు రుజువేమీ లేదు. మనం పెట్టిన గడువు ముగిసింది, అంతే. 0.26ను 20 చుట్లకు ఆపితే అది నల్లచుక్క, 30 చుట్లకు ఆపితే రంగు చుక్క. సమితి మారలేదు, మన ఓపిక మారింది.

దీన్ని ఇంకా చక్కగా చూపే చోటు ఒకటుంది. పెద్ద గుండె ఆకారం, దాని ఎడమపక్కనున్న వృత్తం ఒకదానికొకటి తగిలే బిందువు ఏ = −0.75, బి = 0. ఆ కంఠం దగ్గర పైనా కిందా సన్నటి లోయ ఉంటుంది. సముద్రపు గుర్రాల తోకల్లాంటి సుడులు అక్కడ ఉంటాయి కాబట్టి దానికి సీహార్స్ వ్యాలీ అని పేరు. ఆ లోయలో నిట్టనిలువుగా దిగుతూ ఎన్ని చుట్లలో పారిపోతుందో లెక్కపెట్టండి. బి = 0.1 వద్ద 33 చుట్లు. బి = 0.01 వద్ద 315. బి = 0.001 వద్ద 3143. బి = 0.0001 వద్ద 31417.

అంకెలు ఎక్కడో చూసినట్టు లేవూ? చుట్ల సంఖ్యను బి తో గుణిస్తే 3.3, 3.15, 3.143, 3.1417. అవును, పై విలువే. 1991లో డేవ్ బోల్ అనే ఆయన ఆ బిందువు దగ్గర సమితి మెడ నిజంగా ఎంత సన్నమో చూద్దామని లెక్క నడుపుతూ ఇది గమనించారు. 2001లో ఆరన్ క్లెబనాఫ్ దీనికి రుజువు ప్రచురించారు. వృత్తం ఊసే లేని సూత్రంలో పై ఎందుకొచ్చిందన్నది డిగ్రీ స్థాయి కలన గణితం. అంకెలు మాత్రం పదో తరగతి పిల్లలు కూడా సొంత ప్రోగ్రాంతో రప్పించవచ్చు.

మన పాఠానికి కావలసింది ఇది: పరిమితి 1000 పెట్టుకున్న ప్రోగ్రాం బి = 0.001 వద్ద ఉన్న చుక్కను నల్లగా వేస్తుంది. అది తప్పు నలుపు, 3143వ చుట్టులో అది పారిపోతుంది. లోయ అడుగు ఎక్కడుందో చూద్దామని దగ్గరికి పోయేకొద్దీ పరిమితి కూడా పెంచుకుంటూ పోవాలి, లేకపోతే సుడుల మధ్య నల్లటి ముద్దలు తేలతాయి. కొందరు వాటిని కొత్త ఆకారాలని నోట్సులో రాస్తారు. పరిమితి రెట్టింపు చేసి మళ్లీ నడపండి. నలుపు తగ్గితే మునుపటి బొమ్మ నమ్మదగినది కాదు. తగ్గకపోతే నమ్మకం పెరిగింది, రుజువు మాత్రం ఇంకా రాలేదు.

కొన్నిచోట్ల నలుపుకు కూడా రుజువుంది. పీ = (ఏ − 1/4)² + బి² అనుకోండి. పీ × (పీ + ఏ − 1/4) విలువ బి² ÷ 4 ను మించకపోతే ఆ చుక్క పెద్ద గుండెలో ఉంది. (ఏ + 1)² + బి² విలువ 1/16 ను మించకపోతే ఎడమపక్క వృత్తంలో ఉంది. ఈ రెండు పరీక్షల్లో దేనిలో నెగ్గినా చుట్లు తిప్పనక్కర్లేదు. దీనివల్ల ఎంత ఆదా? గుండె వైశాల్యం 3π/8, వృత్తం వైశాల్యం π/16, కలిపి సుమారు 1.374. సమితి మొత్తం వైశాల్యం కంప్యూటరు అంచనాల ప్రకారం 1.5066 దగ్గర. అంటే నలుపులో నూటికి తొంభై పాళ్లకు పైగా రెండు చిన్న గుణకారాలతో తేలిపోతుంది. మన 10 లక్షల చుక్కల బొమ్మలో నల్లవి సుమారు 1,67,000. ఒక్కోదానికి 1000 చుట్లంటే 16 కోట్ల 70 లక్షల చుట్లు. యంత్రం కొని వేగం తెచ్చుకోవడం కంటే సమీకరణం తెలిసి తెచ్చుకోవడం చవక. ఐతే అంచులో ఎక్కడో మూలకు వెళ్లి గీసే బొమ్మల్లో ఈ పరీక్షలు పనికిరావు, అక్కడ గుండే వృత్తమూ ఉండవు కదా.

పిక్సెళ్ల సందుల్లోంచి జారిపోయే దారాలు

రెండో మోసం దీనికంటే సూక్ష్మమైనది. నిజ సంఖ్యల గీత మీద −2 నుంచి 0.25 వరకు ప్రతి బిందువూ సమితిలో ఉందని గణితంలో రుజువైంది. అంటే బొమ్మ ఎడమ చివర సూదిలాంటి గీత ఒకటి ఎక్కడా తెగకుండా కనిపించాలి. మీ 1000 × 1000 బొమ్మలో వెతకండి. ఆ సూదిలో చాలా భాగం కనిపించదు!

కారణం చిన్న లెక్కే. 1000 సరి సంఖ్య. మధ్యనున్న రెండు వరుసల మధ్యబిందువులు బి = 0.0015, బి = −0.0015 వద్ద పడతాయి. బి = 0 మీద ఏ వరుసా పడదు. గీతకు మందం లేదు కాబట్టి రెండు వరుసల సందులోంచి జారిపోయింది. అదే సూది మీద −1.75 నుంచి సుమారు −1.7685 వరకు చిన్న గుండె ఆకారం ఒకటుంది. దానికి ఆరేడు పిక్సెళ్ల మందం ఉంది కాబట్టి అది కనిపిస్తుంది. చూసేవారికి అది ఒడ్డుకు దూరంగా ఒంటరి దీవిలా ఉంటుంది. ఇప్పుడు వరుసల సంఖ్య 1001 చేసి మళ్లీ నడపండి. మధ్య వరుస సరిగ్గా సున్నా మీద పడి, సూది మొత్తం ప్రత్యక్షమవుతుంది. ఒక్క వరుస తేడాతో దీవి కాస్తా నేలకు అంటుకుంది.

ఇది పిల్లలకు మాత్రమే జరిగే పొరపాటు కాదు. మాండెల్‌బ్రాట్ మొదట తన కంప్యూటరు బొమ్మలు చూసి, ఈ సమితి ముక్కలు ముక్కలుగా ఉంటుందని ఊహించారు. కలిపే దారాలు ఆ బొమ్మల్లో పడలేదు. మరిన్ని ప్రయోగాల తర్వాత ఆయనే అభిప్రాయం మార్చుకున్నారు. 1982లో ఫ్రెంచి గణితవేత్త అడ్రియన్ దువాడీ, అమెరికన్ గణితవేత్త జాన్ హబ్బర్డ్ కలిసి సమితి అంతా ఒకే ముక్క అని నిరూపించారు. సమితికి మాండెల్‌బ్రాట్ పేరు పెట్టింది కూడా వారే. కంటికి కనిపించింది ఒకటి, రుజువైంది దానికి విరుద్ధం.

మరి దారాలను బొమ్మలోకి రప్పించడం ఎలా? ఒక మార్గం, ఒక్కో పిక్సెల్ లోపల నాలుగు అడ్డం, నాలుగు నిలువు చొప్పున 16 బిందువులకు లెక్క చేసి, వచ్చిన రంగుల సగటు వేయడం. చుట్ల సంఖ్యల సగటు కాదు, రంగుల సగటు. అంచులు మృదువుగా వస్తాయి, కానీ పని 16 రెట్లు. 1920 × 1080 తెరకు 20,73,600 చుక్కలు కాస్తా 3 కోట్ల 31 లక్షలు దాటుతాయి. మందం లేని దారం అప్పటికీ తప్పించుకోవచ్చు.

రెండో మార్గం నాకెక్కువ ఇష్టం. తిరిగే సంఖ్యతో పాటు దాని అవకలజాన్ని కూడా మోసుకుపోవాలి. దాన్ని 'డి' అందాం. మొదట సున్నా. ప్రతి చుట్టులోనూ కొత్త డి = 2 × పాత సంఖ్య × పాత డి + 1. ఇది సంకీర్ణ సంఖ్యల గుణకారమే. పారిపోయే హద్దును 2 బదులు 1000 వంటి పెద్ద విలువగా పెట్టండి. పారిపోయాక, సంఖ్య దూరాన్ని దాని సహజ సంవర్గమానంతో గుణించి, రెండింతలు చేసి, డి దూరంతో భాగించండి. వచ్చేది ఆ చుక్క నుంచి సమితికి ఉన్న దూరపు అంచనా. నిజమైన దూరం ఈ అంచనాను మించదు, దానిలో నాలుగో వంతుకు తగ్గదు. కాబట్టి అంచనా ఒక పిక్సెల్ వెడల్పు కంటే తక్కువైతే, ఆ చుక్కకు పిక్సెల్ దూరంలోనే సమితి తాలూకు బిందువు ఎక్కడో ఉన్నట్టు. దానికి ముదురు రంగు వేయండి. బిందువును నేరుగా తాకకపోయినా దారం జాడ దొరికిపోతుంది. 1000 వరుసల బొమ్మలోనే సూది కనిపిస్తుంది.

రంగుల గురించి క్లుప్తంగా

రంగు గణితంలో లేదు, అది మన ఎంపిక. చుట్ల సంఖ్యను బట్టి నేరుగా రంగు వేస్తే మెట్లు మెట్లుగా పట్టీలు వస్తాయి. అవి పోవాలంటే పెద్ద హద్దు పెట్టుకుని, పారిపోయిన చుట్టు సంఖ్యకు 1 కలిపి, అందులోంచి సంఖ్య దూరపు సంవర్గమానానికి మళ్లీ సంవర్గమానం తీసి 2 సంవర్గమానంతో భాగించిన విలువను తీసేయండి. భిన్నంతో కూడిన సంఖ్య వస్తుంది, రంగు ధారగా మారుతుంది. ఏ రంగులు వాడాలో నేను చెప్పను. ఐతే ముందు బూడిద ఛాయల్లో ఒకసారి చూడండి. బూడిద రంగులో ఏమీ కనిపించని బొమ్మను ఇంద్రధనుస్సు కాపాడదు.

లోతుకు పోతే సంఖ్యలే అరిగిపోతాయి

సాధారణంగా ప్రోగ్రాంలలో వాడే డబుల్ రకం సంఖ్యకు 53 బిట్ల కచ్చితత్వం, అంటే దాదాపు 16 అంకెలు. −0.75 దగ్గర పక్కపక్కనున్న రెండు డబుల్ సంఖ్యల మధ్య దూరం సుమారు 100 కోట్ల కోట్లలో ఒక వంతు కన్నా కొంచెం ఎక్కువ. బొమ్మ వెడల్పు 3 నుంచి తగ్గిస్తూ పోయి, మొదటి బొమ్మకు 30 లక్షల కోట్ల రెట్లు పెద్దదైన చోటికి చేరితే, 1000 పిక్సెళ్లలో పక్క పిక్సెళ్ల మధ్య తేడా ఆ హద్దును తాకుతుంది. ఇక రెండు మూడు పిక్సెళ్లకు ఒకే సంఖ్య పడి, బొమ్మ ఇటుకలు ఇటుకలుగా విడిపోతుంది. పరిమితి పెంచినా, 16 రెట్లు బిందువులు తీసినా పోదు.

ఎక్కువ అంకెల సంఖ్యలు వాడితే పోతుంది గానీ ప్రతి చుక్కకూ వందల అంకెల గుణకారమంటే గంటలు రోజులవుతాయి. 2013లో కె. ఐ. మార్టిన్ తన సూపర్‌ఫ్రాక్టల్‌థింగ్ ప్రోగ్రాంతో ఒక ఉపాయం చూపారు. బొమ్మలో ఒక్క బిందువును మాత్రం ఎక్కువ అంకెలతో లెక్కించి, ప్రతి చుట్టులో దాని విలువ దాచుకోవాలి. మిగతా చుక్కలకు ఆ బిందువుతో ఉన్న తేడాను మాత్రమే లెక్కించాలి. కొబ్బరిచెట్టు మీద పాకే చీమల ఎత్తుల తేడా తెలియాలంటే ఒక్కో చీమనూ నేల మీద నుంచి కొలవం కదా, ఒక చీమ ఎత్తు కొలిచి మిగతావి దానికి ఎంత పైన, ఎంత కింద అని చూస్తే చాలు. తేడా చిన్న సంఖ్య కాబట్టి డబుల్ చాలుతుంది. సూత్రం కూడా కష్టం కాదు: కొత్త తేడా = 2 × ఆధార సంఖ్య × పాత తేడా + పాత తేడా వర్గం + సి ల తేడా. వర్గ సూత్రం విస్తరిస్తే మీకే వస్తుంది. కొన్ని చుక్కలు ఆధార బిందువు దారి వదిలి వేరే దారి పడతాయి, అక్కడ చదునైన మచ్చలు వస్తాయి. వాటిని పట్టుకుని వేరే ఆధారంతో మళ్లీ లెక్కించాలి. ఇప్పుడు లోతైన బొమ్మలు తీసే ప్రోగ్రాంలు చాలావరకు ఈ దారినే నడుస్తాయి.

తల్లిదండ్రులకు

"రాత్రంతా కంప్యూటరు పెట్టి ఉంచుతోందండీ, కరెంటు బిల్లు సంగతేమిటి?" అని ఒక తండ్రిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 150 వాట్లు తీసుకునే యంత్రం 10 గంటలు నడిస్తే ఒకటిన్నర యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ ధరతో గుణించి చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద కాక బల్ల మీద పెట్టమనండి, గాలి ఆడాలి. ఐతే రాత్రంతా నడపాల్సిన అవసరం నిజంగా ఉందా అని కూడా పిల్లల్ని అడగండి. పైథాన్‌లో మామూలు లూపులు సి భాష కంటే పదుల రెట్లు నెమ్మది. గుండె పరీక్ష, వృత్తం పరీక్ష పెట్టిందా? బొమ్మ పైసగం కింది సగానికి అద్దంలా ఉంటుంది, సగం గీసి రెండో సగాన్ని నకలు తీసిందా? ముందు 200 × 200 చిన్న బొమ్మతో సరిచూసుకుందా? ఈ మూడూ చేశాకా రాత్రి కావాలంటే నడపనివ్వండి.

మరో మాట. ఇందుకోసం సాఫ్ట్‌వేరు కొననక్కర్లేదు. 1988 నుంచి ఉన్న ఫ్రాక్టింట్ ఉచితమే. కదిలే బొమ్మగా లోపలికి తీసుకుపోయే జావోస్ కూడా ఉచితమే. సొంత ప్రోగ్రాం బొమ్మను వీటితో పోల్చి చూసుకోవడానికి ఇవి మంచివి. పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఒకే పరిమితి పెట్టాలి.

ప్రాజెక్టుగా పంపేవారు ప్రతి బొమ్మ కింద ఐదు సంగతులు రాయండి: మధ్యబిందువు, బొమ్మ వెడల్పు, చుట్ల పరిమితి, పారిపోయే హద్దు, ఒక్కో పిక్సెల్‌కు తీసిన బిందువుల సంఖ్య. అవి ఉంటే నేను మా ఇంట్లో అదే బొమ్మను మళ్లీ గీసి చూడగలను, చూస్తాను కూడా.

అభ్యాసం

ఒకటి. సి = 0.2501 తీసుకుని ఎన్నో చుట్టులో 2 దాటుతుందో ప్రోగ్రాంతో కనుక్కోండి. 0.26కు 30 చుట్లు కదా. రెండు సందర్భాల్లోనూ 0.25 పైన ఉన్న తేడాకు వర్గమూలం తీసి చుట్ల సంఖ్యతో గుణించండి. ఏ సంఖ్య వైపు పోతోంది?

రెండు. 1000 వరుసల బొమ్మలో −1.75 దగ్గరి దీవిని గుర్తించి, 1001 వరుసలతోనూ, దూరపు అంచనాతోనూ మళ్లీ గీయండి. మూడు బొమ్మలూ పక్కపక్కన అతికించండి.

మూడు. దూరపు అంచనా లేకుండా 1000 × 1000 బొమ్మ గీసి నల్లచుక్కలను లెక్కపెట్టి, 9 తో గుణించి 10 లక్షలతో భాగించండి. అది సమితి వైశాల్యానికి మీ అంచనా. పరిమితి 50, 200, 1000, 5000 పెట్టి నాలుగుసార్లు చేయండి. ప్రతిసారీ విలువ ఏ వైపు మారుతోంది, ఎందుకు ఆ ఒక్క వైపే మారుతోంది? 1.5066కు ఎంత దగ్గరకు వచ్చింది? మిగిలిన తేడాలో పరిమితి వల్ల వచ్చింది ఎంతో, పిక్సెళ్ల వల్ల వచ్చింది ఎంతో విడదీసి చూపే పద్ధతి ఆలోచించి రాయండి.